ఇరవై ఏళ్లు మార్చనక్కర్లేని స్పీకర్లు కావాలి, ఏం చూసి కొనాలి?

మూడోగది:

అందరికీ నమస్తే. పాటలకి, కొంచెం టీవీకి ఒక మంచి స్పీకర్ల జత తీసుకుందామని ఉంది. నాలుగేళ్లు తిరక్కుండానే మళ్లీ ఈ వెతుకులాటలో పడకూడదు, అదొక్కటే నా కోరిక.

ఇప్పటిదాకా వాడింది సౌండ్‌బార్. ఇప్పటికీ శుభ్రంగా మోగుతుంది. కాకపోతే దాన్ని నడిపించే యాప్‌కి కంపెనీ వాళ్లు అప్‌డేట్లు ఆపేశారు, కొత్త ఫోన్‌లో అది ఇన్‌స్టాల్ అవదు. రిమోట్‌లో వాల్యూమ్ తప్ప ఇంకేం లేదు. నిక్షేపంగా పనిచేసే వస్తువుని మూల పడేయాల్సి వచ్చేసరికి ఒళ్లు మండింది.

గది 12 అడుగులు బై 14, ఎత్తు 10. సోఫా గోడకి ఆనించి ఉంటుంది. నేను వినేది ఎక్కువగా గాత్రం, అదీ రాత్రిపూట, తక్కువ సౌండ్‌లో. మా ఆవిడ షరతులు రెండు: వైర్లు కాళ్లకి తగలకూడదు, గదిలోకి రాగానే స్పీకర్లే కనిపించకూడదు.

డెమోలో రెండు జతలు విన్నాను. మొదటిది మొదలవగానే అబ్బ అనిపించింది, డ్రమ్స్‌లోని సింబల్స్ (ఇత్తడి తాళాలు) గదంతా తళతళలాడాయి. దాని తర్వాత రెండోది చప్పగా ఉంది. తీరా పావుగంటయ్యేసరికి మొదటిదాన్ని ఆపేయమని నేనే అడిగాను. ఎందుకలా అనిపించిందో అర్థం కాలేదు. రివ్యూలు చదివితే ఒకాయన ఆకాశానికి ఎత్తిన మోడల్‌నే ఇంకొకాయన చెత్త అంటాడు.

యాంప్ (శబ్దానికి బలమిచ్చే యాంప్లిఫయర్) లోపలే ఉన్నవి తీసుకోవాలా, విడిగా యాంప్ పెట్టుకోవాలా? చిన్న బుక్‌షెల్ఫ్ సైజు సరిపోతుందా, నేల మీద నిలబెట్టే టవర్లు కావాలా? సెకండ్ హ్యాండ్ జోలికి వెళ్లొచ్చా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పగలరు.

టంకంకడ్డీ:

పాడైన స్పీకర్లు బాగుచేయడం నా పని. కాబట్టి ఏది తియ్యగా మోగుతుంది అన్నదానికంటే ఏది ఎందుకు చచ్చిపోతుంది అన్నది నాకు బాగా తెలుసు. ఇరవై ఏళ్ల మాట ఎత్తారు గనక అటునుంచే వస్తాను.

స్పీకర్‌లో ముందుగా పోయేది, ఊగుతూ శబ్దం పుట్టించే గరాటు లాంటి కోన్ చుట్టూ ఉండే మెత్తటి రిమ్, మేం సరౌండ్ అంటాం. అది ఫోమ్‌తో చేసిందైతే పదేళ్ల నుంచి ఇరవై ఏళ్ల లోపు పోయినట్టే లెక్క. వాడినా పోతుంది, అట్టపెట్టెలో దాచినా పోతుంది, ఎందుకంటే దాన్ని తినేది గాల్లో తేమ. నా బల్ల మీదకి వచ్చే వాటిలో చాలా వాటికి రిమ్ పైకి బాగానే కనిపిస్తుంది. వేలు ఆనిస్తే చాలు, నల్లటి జిగురు పొడి రాలి గోటి సందుల్లో ఇరుక్కుంటుంది, సబ్బుతో ఒక పట్టాన వదలదు. అదే రబ్బరు రిమ్ అయితే ముప్ఫై ఏళ్లు దాటినా మెత్తగా ఉన్నవి చూశాను. గుడ్డకి జిగురు పూత పూసిన రిమ్‌లు ఇంకా మొండివి. 1958లో వచ్చిన ఏఆర్-3 లాంటి వాటిలో గుడ్డ రిమ్‌లే, అవి ఇంకా మోగుతున్నాయి. కాబట్టి గ్రిల్ (ముందుండే జాలీ) తీసి, రిమ్ దేనితో చేశారో చూడండి, లేదా అడగండి. సమాధానం చెప్పలేని చోట కొనకండి.

రెండోది లోపలి క్రాసోవర్. కింది స్వరాలు వూఫర్‌కి, పై స్వరాలు ట్వీటర్‌కి పంచే చిన్న సర్క్యూట్ అది. అందులో ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు ఉంటే ఇరవై, ముప్ఫై ఏళ్లకి వాటి విలువలు జారిపోతాయి. ఒక్కసారిగా ఆగిపోదు, మెల్లగా గొంతు మందగిస్తుంది. రోజూ వినేవాళ్లకి తెలియను కూడా తెలియదు. ఫిల్మ్ కెపాసిటర్లు ఉన్నవైతే ఆ బాధ దాదాపు లేనట్టే. ఏవి ఉన్నా మార్చడం పెద్ద పనేం కాదు, అసలు లోపలికి చెయ్యి పెట్టగలిగితే. డ్రైవర్లని, అంటే వూఫర్‌నీ ట్వీటర్‌నీ, స్క్రూలతో బిగించారా, జిగురుతో అతికించేశారా అన్నది నేను సౌండ్ కంటే ముందు చూస్తాను. స్క్రూ తిరిగితే ఆ స్పీకర్‌కి ఇంకో జన్మ ఉన్నట్టే.

మూడోది విడిభాగాలు. యమహా ఎన్ఎస్-10 అని తెల్ల కోన్ ఉండే స్పీకర్, 1978లో వచ్చింది, ప్రపంచంలో సగం స్టూడియోల్లో కనిపించేది. 2001లో తయారీ ఆపేశారు. కారణం, ఆ కోన్ చేసే కాగితపు గుజ్జు దొరక్కపోవడం! అంత పేరున్న దానికే ఆ గతి పట్టింది. ఇంకోవైపు బీబీసీ ఇంజినీర్లు 1970లలో అవుట్‌సైడ్ బ్రాడ్‌కాస్ట్ వ్యాన్లలో పెట్టుకోవడానికి చేసిన ఎల్ఎస్3/5ఏ ఉంది, చెప్పుల పెట్టెకంటే కాస్త పెద్దది. దాని అసలు డ్రైవర్ల తయారీ ఎప్పుడో ఆగిపోయినా, వాటికి సరిపోయేలా కొత్తగా చేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. క్లిప్ష్‌హార్న్ అయితే 1946 నుంచి ఈ రోజుదాకా తయారవుతూనే ఉంది. నేను చెప్పేదేంటంటే, మోడల్ ఎంత కొత్తది అన్నది పక్కన పెట్టి, ఆ కంపెనీ పదేళ్ల కిందటి మోడల్‌కి ఈ రోజు వూఫర్ అమ్ముతుందా అని ఒక మెయిల్ పెట్టి చూడండి. వచ్చే జవాబు రివ్యూలన్నిటికంటే పనికొస్తుంది.

ఇక యాంప్ లోపలా, బయటా? బయటే. కోన్, మాగ్నెట్, చెక్క డబ్బా, ఇవి ముసలివయ్యేది నిదానంగా. పవర్ సప్లై బోర్డు, బ్లూటూత్ చిప్, యాప్, ఇవి త్వరగా పోతాయి, లేదా మీ సౌండ్‌బార్‌లా బతికుండగానే పనికిరాకుండా పోతాయి. రెండూ ఒకే డబ్బాలో పెడితే ముందు పోయేదాని వెంట రెండోది కూడా పోతుంది. వేడి సంగతి సరేసరి. విడిగా ఉన్న యాంప్ పోతే యాంప్ మార్చుకుంటారు, స్పీకర్లు కదలవు.

సౌండ్ గురించి ఒక్క ముక్క. మీరు చప్పగా ఉందన్న రెండో జతని ఇంకోసారి వినండి. కెనడాలో నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్‌లో ఫ్లాయిడ్ టూల్ అనే శాస్త్రవేత్త ఏళ్ల తరబడి తెర వెనక స్పీకర్లు పెట్టి జనానికి వినిపించాడు. బ్రాండు, సైజు, డబ్బా అందం ఏవీ కనిపించనప్పుడు, రకరకాల వాళ్లు కూడా ఇంచుమించు ఒకే తరహా స్పీకర్లనే మెచ్చుకున్నారు. ఏ స్వరాన్నీ ఎత్తి చూపకుండా సమంగా పలికేవి, పక్కలకి వెళ్లే శబ్దం కూడా అదే తీరులో ఉండేవి. డెమోలో మెరిసేవి చాలావరకు పై స్వరాలని కొంచెం పెంచి చేసినవి. పావుగంటకే మీ చెవి ఆ మాట చెప్పేసింది. రివ్యూ రాసినాయన కంటే మీ చెవే నయం.

గదికొలత:

టంకంకడ్డీ గారి రిపేరు జ్ఞానానికి దండం. కానీ ఒక విషయంలో ఒప్పుకోను. స్పీకర్ గురించి ఇంత చెప్పి గది ఊసే ఎత్తలేదు. కింది స్వరాల్లో మీరు వినేది స్పీకర్‌ని కాదండీ, గదిని.

మీ గదినే తీసుకుందాం. 14 అడుగులంటే 4.27 మీటర్లు. ధ్వని వేగం సెకనుకి 343 మీటర్లు. దాన్ని గది పొడవుకి రెట్టింపుతో భాగిస్తే 40 హెర్ట్జ్ వస్తుంది. 12 అడుగుల వైపు లెక్కేస్తే 47. ఎత్తు 10 అడుగులకి 56. ఈ మూడు చోట్లా, వాటి రెట్ల దగ్గరా మీ గది తనంతట తానే మోగుతుంది. గోడ పక్కన కూర్చుంటే ఆ మోత నిండుగా చెవిలో పడుతుంది, సోఫా గోడకి ఆనించి ఉందన్నారు, ఇంకేముంది. బేస్ గిటార్ కింది తీగ 41 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది, అంటే ఆ ఒక్క స్వరం వచ్చినప్పుడల్లా గది ఊగుతుంది, పక్క స్వరం మామూలుగా ఉంటుంది. రెండు మూడు వందల హెర్ట్జ్ దాటితే గది పెత్తనం తగ్గి స్పీకర్ అసలు స్వభావం బయటపడుతుంది.

అందుకే నేను యాంప్ లోపలే ఉండి, గదిని మైక్‌తో కొలిచి సర్దుకునే స్పీకర్లు వాడతాను. వూఫర్‌కి ఒక యాంప్, ట్వీటర్‌కి ఒక యాంప్, పంపకం అంతా డిజిటల్‌లోనే. పాత పద్ధతి క్రాసోవర్ అంత కచ్చితంగా ఎప్పటికీ పంచలేదు. చిన్న డబ్బా నుంచి కూడా నమ్మలేనంత బేస్ వస్తుంది. ఇరవై ఏళ్లు దాచుకోవడం కోసం ఈ రోజు తక్కువ రకం సౌండ్‌తో సరిపెట్టుకోవడం నాకు నచ్చదు.

టవర్ల సంగతి మాత్రం తేల్చి చెప్తాను. ఆ సైజు గదిలో వద్దు. టవర్ ఎక్కువ బేస్ ఇస్తుంది, మీ గది ఆ బేస్‌ని ఇంకా పెంచుతుంది, చివరికి గాయకుడు బావిలోంచి పాడినట్టు ఉంటుంది.

టంకంకడ్డీ:

గదికొలత గారూ, గది లెక్కలో మీతో పేచీ లేదు. సోఫాని గోడ నుంచి ఒక అడుగు ముందుకి జరిపితే వచ్చే తేడా, స్పీకర్ మార్చినా రాదు. ఆ మాట నేను చెప్పాల్సింది, మీరు చెప్పారు, సంతోషం.

కానీ గదిని సర్దే ఆ పని స్పీకర్ డబ్బాలోనే జరగాలని ఏముంది? గదిని కొలిచి సర్దే యాంప్‌లు విడిగా దొరుకుతున్నాయి. అది పాతబడితే అదొక్కటి మారుస్తారు. మీ యాక్టివ్ స్పీకర్లు, అంటే యాంప్ లోపలే ఉన్నవి, గొప్పగా మోగుతాయని నేనూ ఒప్పుకుంటా, నిజంగానే మోగుతాయి. వాటిలో బోర్డు పోయినప్పుడు, అందులోని చిప్ తయారీ ఆగిపోయినప్పుడు, కోన్ చెక్కుచెదరకుండా ఉన్న జతని పట్టుకుని జనం నా దగ్గరకి వస్తారు. అప్పుడు నేను చేయగలిగేది ఆ బోర్డు పీకేసి, మామూలు క్రాసోవర్ కట్టి, పాసివ్‌గా, అంటే బయటి యాంప్‌తో నడిచేలా, మార్చడమే. అది కూడా అన్నిటికీ కుదరదు.

ప్రొఫెషనల్ స్టూడియో మానిటర్లలో బోర్డు మొత్తం వెనక ప్లేటుతో సహా ఊడి వచ్చేలా చేసినవి ఉన్నాయి, అలాంటివైతే నా అభ్యంతరం సగం తగ్గుతుంది. మొత్తం వైర్‌లెస్ అని మురిపించే రకానికి మాత్రం నేను బద్ధ వ్యతిరేకిని.

వెనకబెంచి:

చదువుతూ ఉండబట్టలేక రాస్తున్నాను. నేను ఇంజినీర్‌ని కాదు, ఒకే జతని చాలాకాలంగా వాడుతున్నదాన్ని. ఇళ్లు మారాం, సోఫాలు మారాయి, యాంప్ మారింది, పాటలు క్యాసెట్ నుంచి సీడీకి, సీడీ నుంచి ఫోన్‌కి వచ్చాయి. స్పీకర్లు మాత్రం అవే. బుక్‌షెల్ఫ్ సైజు, రెండు వైపులా స్టాండ్ల మీద.

మూడోగది గారూ, మీకు రాత్రిపూట తక్కువ సౌండ్‌లో వినే అలవాటు అన్నారు కదా, డెమో కూడా అలాగే అడగండి. షాపులో అందరూ వాల్యూమ్ పెంచే వినిపిస్తారు. సౌండ్ తగ్గించినప్పుడు మన చెవికి బేస్ ముందుగా వినపడడం మానేస్తుంది, అది చెవి స్వభావం, 1933లోనే ఫ్లెచర్, మన్‌సన్ అనే ఇద్దరు కొలిచి చూపించారట. పక్క గదిలో మనిషి నిద్రపోయేంత సౌండ్‌లో కూడా గొంతు నిండుగా ఉందా, పదాలు తెలుస్తున్నాయా అని చూడండి. యాంప్‌లో లౌడ్‌నెస్ బటన్ ఉంటే సిగ్గుపడకుండా వాడండి. ఆడియో మేధావులు దాన్ని చూసి ముక్కు చిట్లిస్తారు గానీ, అది పెట్టింది ఇందుకే.

రెండు జతల్ని పోల్చేటప్పుడు సౌండ్ సమానంగా ఉండేలా చూసుకోండి. కొంచెం గట్టిగా మోగేది ఎప్పుడూ మెరుగ్గానే అనిపిస్తుంది, అమ్మేవాళ్లకి ఇది బాగా తెలుసు.

పాటకంటే ముందు మాట వినండి. వార్తలు చదివే గొంతో, కథ చదివే గొంతో, ఏదైనా సరే. మనిషి గొంతు ఎలా ఉండాలో మనకి పుట్టినప్పటి నుంచి తెలుసు, దాన్ని మోసం చేయడం కష్టం. "స", "ష", "చ" దగ్గర చెవి పెట్టండి. సూదిలా గుచ్చుకుంటే ఆ స్పీకర్ ఇంటికి వచ్చాక రోజూ గుచ్చుతుంది. మగ గొంతు ఛాతీలోంచి కాకుండా డబ్బాలోంచి వస్తున్నట్టు ఉంటే పలచటి చెక్క మోగుతోందని అర్థం. డబ్బా పక్కన వేలి కణుపుతో కొట్టి చూడండి, టప్ అని ఆగాలి, టంగ్ అని సాగకూడదు.

ఇంకొకటి, ఇంట్లో చిన్నపిల్లలుంటే గ్రిల్ తీయకండి. ట్వీటర్ గుండ్రంగా, మెత్తగా, ముద్దొచ్చేలా ఉంటుంది, ఏ పిల్లయినా దాన్ని వేలితో నొక్కకుండా ఉండదు. మా ఇంట్లో ఒకటి లోపలికి సొట్ట పడితే టేపు అంటించి మెల్లగా లాగాం, వచ్చేసింది, కొద్దిగా మచ్చ మిగిలింది. అది గుడ్డ డోమ్ కాబట్టి వచ్చింది. లోహపు డోమ్ అయితే మడత పోదు.

మూడోగది:

ఇంత వివరంగా చెప్తారని అనుకోలేదు, అందరికీ థాంక్స్. రెండో జతని వార్తలు పెట్టి, సౌండ్ తగ్గించి మళ్లీ విన్నాను. అది చప్పగా ఉందన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను, గొంతు గొంతులా ఉంది. యాంప్ బయటే అని కూడా తేల్చుకున్నాను. గదికొలత గారు ఏమీ అనుకోవద్దు.

ఇంతలో ఇంకో మలుపు. తెలిసినాయన ఒకరు తన పాత జత ఇస్తానన్నారు. రెండు దశాబ్దాలు దాటినవి. చెక్క తొడుగు, 6 అంగుళాల వూఫర్, వెనక 8 ఓమ్స్, 84 డెసిబెల్ అని రాసుంది. నా దగ్గర ఉన్న చిన్న యాంప్ 30 వాట్లు. 84 అంటే చాలా తక్కువ, 30 వాట్లతో మోగదు అని ఒక ఫ్రెండు టెన్షన్ పెట్టాడు. నిజమేనా? పాతవాటిని చూసేటప్పుడు ఏమేం గమనించాలి?

గదికొలత:

ఏమీ అనుకోను, మీ గది మీ ఇష్టం. ఆ లెక్క నేను చెప్తాను.

84 డెసిబెల్ అంటే ఒక వాటు ఇస్తే మీటరు దూరంలో వచ్చే సౌండ్. పవర్ రెట్టింపు చేసిన ప్రతిసారీ 3 డెసిబెల్ పెరుగుతుంది. పది రెట్లు చేస్తే 10. ఆ లెక్కన 30 వాట్లకి దాదాపు 15 పెరిగి 99 దగ్గరకి వస్తుంది. మీరు మూడు మీటర్ల దూరంలో కూర్చుంటే ఆరుబయట అయితే 9 లేదా 10 తగ్గుతుంది, గదిలో అంత తగ్గదు, పైగా స్పీకర్లు రెండు కాబట్టి ఇంకో 3 కలుస్తుంది. అంతా కూడి తీస్తే మీ సోఫా దగ్గర 90 దాటుతుంది. మీరు రాత్రిపూట వినేది 60, 65 దగ్గర ఉంటుంది. పాటలో హఠాత్తుగా వచ్చే డ్రమ్ దెబ్బకి ఇంకో 15, 20 కలిపినా యాంప్‌కి చెమట పట్టదు. అప్పుడు కూడా అది ఇచ్చేది అయిదారు వాట్లు దాటదు.

పార్టీలకి, గట్టి రాక్‌కి అయితే మీ ఫ్రెండు మాటలో నిజముంది. చిన్న యాంప్‌ని అంచుదాకా తిప్పితే అది అరవడం మొదలుపెడుతుంది, అప్పుడు కాలేది ట్వీటర్. గొంతు బొంగురుపోయినట్టు అనిపించగానే తగ్గించేయండి, అంతే.

టంకంకడ్డీ:

పాత జత అంటే నాకు హుషారు వస్తుంది. వెళ్లేటప్పుడు జేబులో 1.5 వోల్టుల మామూలు సెల్ ఒకటి, చిన్న వైరు ముక్క, మల్టీమీటర్ ఉంటే అదీ తీసుకెళ్లండి.

గ్రిల్ తీసి రిమ్‌ని వేలితో నెమ్మదిగా తాకండి. పొడి రాలినా, జిగురు తగిలినా ఫోమ్ పోయింది. తర్వాత యాంప్ ఆపేసి, రెండు చేతుల వేళ్లూ కోన్ మీద ఎదురెదురుగా పెట్టి సమానంగా కొద్దిగా లోపలికి నొక్కండి. చెవి దగ్గరగా ఉంచండి. నిశ్శబ్దంగా వెళ్లి నిశ్శబ్దంగా రావాలి. ఇసుక గీసినట్టు చప్పుడు వస్తే కోన్ వెనకుండే తీగచుట్ట (వాయిస్ కాయిల్) పక్కకి ఒరిగింది, లేదా కాలి ఉబ్బింది. అదైతే వదిలేయండి.

వెనక టెర్మినల్స్‌కి సెల్ ఒక్క క్షణం ఆనించండి. ప్లస్‌కి ప్లస్ కలిపినప్పుడు వూఫర్ బయటికి ఉబకాలి. ఒకటి బయటికి, ఇంకోటి లోపలికి వెళ్తే ఎవరో విప్పి వైర్లు తారుమారు చేశారు, అది సరిచేసుకోవచ్చు, కానీ లోపల చెయ్యి పడిందని తెలుస్తుంది. మల్టీమీటర్‌లో 8 అని రాదు, 6కి కాస్త అటూ ఇటూ వస్తుంది, కంగారు పడకండి. 8 అనేది మోగేటప్పటి లెక్క, మీటరు చూపేది రాగి తీగ నిరోధం. రెండు స్పీకర్లకీ దగ్గర దగ్గరగా ఒకే అంకె వస్తే చాలు. అసలేమీ చూపించకపోతే ఎక్కడో తీగ తెగింది.

అన్నిటికంటే నేను నమ్మే పరీక్ష ఇది. ఫోన్‌లో మోనో (రెండు వైపులా ఒకే శబ్దం) పెట్టి, ఒక్క గొంతు ఉన్న పాట వేసి, రెండు స్పీకర్ల మధ్య సరిగ్గా నడిమిలో నిలబడండి. గొంతు మధ్యలోంచి రావాలి. బ్యాలెన్స్ ఎడమకి తిప్పండి, కుడికి తిప్పండి. మనిషి పక్కకి జరగాలి గానీ మనిషి మారకూడదు. ఒకవైపు మందంగా, ఇంకోవైపు తేటగా ఉంటే ఒక క్రాసోవర్‌లో కెపాసిటర్ ముసలిదైందని గానీ, ఒక ట్వీటర్ సగం చచ్చిందని గానీ అర్థం. కొన్ని ట్వీటర్లలో కాయిల్ చుట్టూ అయస్కాంత ద్రవం పోస్తారు, అది ఏళ్లకి చిక్కబడి ట్వీటర్‌ని పట్టేస్తుంది.

చెక్క డబ్బా అడుగుభాగం తిప్పి చూడటం మర్చిపోకండి. ఎండీఎఫ్ (చెక్కపొడిని అదిమి చేసే పలక) నీళ్లు తాగితే మూలలు ఉబ్బుతాయి, దాన్ని ఎవరూ బాగుచేయలేరు, నేనూ చేయలేను. మిగతావన్నీ చేయొచ్చు.

ట్వీటర్ 40 వేల హెర్ట్జ్ దాకా పలుకుతుందని రాసి ఉందా లేదా అని చూసుకుంటూ కూర్చోకండి. చెవి పాఠ్యపుస్తకంలోనే 20 వేలకి ఆగిపోతుంది, యాభై దాటిన వాళ్లలో చాలామందికి 12, 14 వేలు దాటితే ఏమీ వినపడదు.

వెనకబెంచి:

మీ ఆవిడ షరతు సంగతి నేను చెప్తా. 2.5 చదరపు మిల్లీమీటర్ల మామూలు రాగి తీగ తీసుకోండి, గోడ వారగా స్కర్టింగ్ మీద సన్నటి కేసింగ్ వేసి దాన్లో పంపండి, కనపడను కూడా కనపడదు. గద్దలా ఎగిరే ధరల కేబుళ్ల కథలు నమ్మకండి.

గదికొలత:

కేబుల్ విషయంలో వెనకబెంచి గారికి నా ఓటు. అయిదు మీటర్ల దూరానికి ఆ తీగ రానూపోనూ నిరోధం 0.07 ఓమ్. 8 ఓమ్ స్పీకర్ ముందు అదెంత.

స్టాండ్ల మీద పెట్టి, ట్వీటర్ మీరు కూర్చున్నప్పటి చెవి ఎత్తుకి తెండి. వెనక గోడకి ఒక అడుగు, ఒకటిన్నర అడుగు వదలండి. ఆ జతకి గాలి రంధ్రం వెనక వైపు ఉందేమో చూడండి, ఉంటే గోడకి ఇంకాస్త ఎడం కావాలి. బేస్ ఎక్కువనిపిస్తే ముందు స్పీకర్లని, సోఫానీ జరిపి చూడండి, డబ్బులు ఖర్చుపెట్టడం ఆ తర్వాత.

మూడోగది:

జత ఇంటికి వచ్చేసింది. సెల్ పరీక్ష, మీటరు పరీక్ష రెండూ బాగానే వచ్చాయి, 5.9, 6.0. చెక్క కింద ఉబ్బు లేదు. కానీ ఎడమ వూఫర్ రిమ్ ఒకచోట చిట్లి ఉంది, ఫోమ్ అనుకుంటా, వేలికి నలుపు అంటింది. మోనో పరీక్షలో కుడివైపు గొంతు కొంచెం దుప్పటి కప్పుకున్నట్టు ఉంది. ధైర్యం చేసి కుడి వూఫర్ స్క్రూలు తీసి చూశాను, క్రాసోవర్ కనిపించింది. కెపాసిటర్ మీద 4.7 మైక్రోఫారడ్, 50 వోల్ట్ బైపోలార్ అని ఉంది. టంకంకడ్డీ గారూ, ఇది నేను చేసుకోగలిగే పనేనా?

టంకంకడ్డీ:

సాల్డరింగ్ ఒకసారైనా చేసి ఉంటే చేసుకోగలరు. కెపాసిటర్ 4.7దే కొనండి, 50 వోల్టులు గానీ అంతకంటే ఎక్కువ గానీ. బైపోలార్ అని రాసి ఉండాలి. రేడియో బోర్డుల్లో వాడే ప్లస్, మైనస్ గుర్తులున్నది ఇక్కడ పెట్టకూడదు. ఒక్కటి కాదు, రెండు స్పీకర్లలోనూ మార్చండి, లేకపోతే ఎడమకీ కుడికీ తేడా అలాగే ఉండిపోతుంది.

ఖరీదైన ఫిల్మ్ కెపాసిటర్ పెట్టమని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. మన్నుతుంది, నిజమే. కానీ పాత ఎలక్ట్రోలైటిక్‌కి సొంతంగా కొద్దిపాటి నిరోధం ఉంటుంది, డిజైన్ చేసినవాళ్లు దాన్ని కూడా లెక్కలో వేసుకునే గొంతు కుదిర్చారు. ఫిల్మ్‌లో ఆ నిరోధం దాదాపు ఉండదు, దాంతో పై స్వరాలు కాస్త పదునెక్కుతాయి. "స" గుచ్చుతున్నట్టు అనిపిస్తే కెపాసిటర్‌తో వరసలో అర ఓమ్ రెసిస్టర్ ఒకటి కలిపి వినండి.

రిమ్‌కి కోన్ బయటి అంచు వ్యాసం, ఫ్రేమ్ లోపలి వ్యాసం రెండూ కొలిచి, ఆ కొలతకి రబ్బరు కాకుండా ఫోమ్‌దే తెప్పించండి. రబ్బరు బరువు, బిగువు వేరు, ఈ వూఫర్‌ని ఫోమ్ లెక్కతో చేశారు, మారిస్తే బేస్ తీరే మారిపోతుంది. అవును, పైన ఫోమ్‌ని తిట్టింది నేనే. కొత్తది కొనేటప్పుడు రబ్బరు చూడండి, ఉన్నదానికి మాత్రం ఉన్నదే వేయాలి. పాత జిగురు పూర్తిగా గీకేసి, కోన్ వైపు ముందు అంటించి ఆరనివ్వండి. ఫ్రేమ్ వైపు అంటించేటప్పుడు యాంప్ నుంచి 30 హెర్ట్జ్ టోన్ సన్నగా పెట్టి ఉంచండి. కోన్ మెల్లగా ఊగుతూ ఉంటుంది, ఎక్కడైనా గీసుకుంటే చప్పుడు వస్తుంది, జిగురు తడిగా ఉండగానే పక్కకి జరిపి సరిచేసుకోవచ్చు. కుడి వూఫర్ రిమ్ బాగుందని వదిలేయకండి, రెండూ ఒకే వయసువి, అది కూడా ఇప్పుడే మార్చేయండి.

విప్పేముందు ఏ రంగు వైరు ఏ ట్యాగ్‌కి వెళ్తుందో ఫోటో తీసుకోండి. కొలతలు ఇక్కడ పెడితే రిమ్ సైజు నేను చూసి చెప్తాను.